ముద్దుపళని మీద ప్రేమ నవల: పన్నెండో అధ్యాయం దగ్గర ఆగిపోయాను

పొన్నచెట్టు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ మీ మాటలు చదువుతూ ఉన్నాను కానీ నేను రాసింది తక్కువ. ఈసారి మీ సాయం కావాలి.

రెండేళ్లుగా ముద్దుపళని జీవితం మీద ఒక నవల రాస్తున్నాను. చరిత్ర పుస్తకం కాదు, ప్రేమ నవలే. పదకొండు అధ్యాయాలు సాఫీగా సాగాయి. పన్నెండోదాని దగ్గర ఆగిపోయి మూడు నెలలైంది.

ఆమె గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలిన కాలం, అంటే 1739 నుంచి 1763 వరకు. ఆ కొలువులోని భోగం ఇంటి ఆడపడుచు ముద్దుపళని. ఆమె రాసిన 'రాధికా సాంత్వనం' నాలుగు ఆశ్వాసాల శృంగార కావ్యం, 584 పద్యాలు. తాను పెంచి పెద్ద చేసిన ఇళాదేవిని రాధ తన చేతులతోనే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. మొదటి రాత్రికి ఇద్దరికీ బుద్ధులు కూడా తనే చెప్పి పంపుతుంది. ఆ తర్వాత కృష్ణుడు తనను మరిచిపోయాడని కుమిలిపోతుంది. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకుంటాడు. అదీ సాంత్వనం.

ముద్దుపళని అవ్వ తంజనాయకి రాజుకు ప్రియురాలనీ, తర్వాత మనవరాలు ఆ స్థానంలోకి వచ్చిందనీ, రాధ బాధంతా ఆ అవ్వ బాధేననీ ఒక ఊహ చాలాకాలంగా ప్రచారంలో ఉంది కదా. నా నవలను దాని మీదే కట్టాను. పన్నెండో అధ్యాయంలో రాజు మొదటిసారి ముద్దుపళనిని చూస్తాడు. నా డ్రాఫ్ట్ ఇలా ఉంది:

"వసంతోత్సవం రాత్రి. బాల త్యాగయ్య గొంతు సభామండపమంతా పరుచుకుంది. ముద్దుపళని భరతనాట్యం ముగించి చేతులు జోడించింది. రాజు కన్నార్పకుండా చూస్తున్నాడు. ఆమె సిగ్గుతో తల దించుకుంది."

రాసినప్పుడు బాగుందనిపించింది. మర్నాడు చదివితే ఎవరో తెలియని అమ్మాయిలా ఉంది. మొదటి నుంచి తిరగేసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. పదకొండు అధ్యాయాల్లో ఆమె ఒక్క పద్యం కూడా రాయలేదు. కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూడడమే సరిపోయింది.

నిజంగా బతికిన కవి మీద ప్రేమకథ రాసేటప్పుడు కల్పన ఎంతవరకు వెళ్లొచ్చు? నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

రేపటికథ | శనివారం, రాత్రి 10:15

అక్కా, ముందు అభినందనలు. రెండేళ్లు ఒకే మనిషితో ఉండడం మామూలు విషయం కాదు.

నేను వారం వారం సీరియల్ రాస్తాను కాబట్టి పాఠకుల వైపు నుంచి చెబుతాను. వాళ్లకు కావాల్సింది మనసు. రాజు, ముద్దుపళని ఏకాంతంలో ఏం మాట్లాడుకున్నారో ఏ శాసనంలోనూ ఉండదు. అక్కడే మన పని మొదలవుతుంది. చరిత్ర తలుపు మూసిన చోట కథ తలుపు తీస్తుంది. భయపడకుండా రాసేయండి. సీను బాగానే ఉంది, ఇంకొంచెం పొడిగించండి చాలు.

పాతప్రతులు | ఆదివారం, ఉదయం 6:50

అమ్మా, రాత్రే చూశాను. తొందరపడి జవాబు ఇవ్వకూడదని పొద్దున్నే కూర్చున్నాను. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి.

ముందు తేదీ. త్యాగరాజస్వామి పుట్టింది 1767లో. ప్రతాపసింహుడు అప్పటికి నాలుగేళ్ల కిందటే పోయాడు. ఆ కొలువులో బాల త్యాగయ్య పాడడం కుదరదు. ఇది ఒక్క గీతతో సరిదిద్దుకోవచ్చు, దాని గురించి దిగులు పడకండి.

అంత సులువుగా దిద్దలేనిది "సిగ్గుతో తల దించుకుంది" అన్న వాక్యం. ఎందుకంటే ముద్దుపళని మనకు తెలియని మనిషి కాదు. కావ్యం మొదట్లో, అవతారికలో, తన గురించి తనే చెప్పుకుంది. అవ్వ తంజనాయకిని తలచుకుంది. గురువు వీరరాఘవ దేశికుణ్ణి తలచుకుంది. ఇంకో అడుగు వేసి, నా వంటి ఆడవాళ్లలో పండితులను ఇలా సొమ్ములిచ్చి సత్కరించినవారు ఎవరు, కావ్యాలు అంకితం పుచ్చుకున్నవారు ఎవరు అనే అర్థంలో అడిగింది. మగ కవులు అవతారికల్లో తమ గొప్పను ఎంత ధీమాగా చెప్పుకుంటారో, అంత ధీమాగానూ చెప్పుకుంది. కావ్యాన్ని రాజుకు ఇవ్వలేదు, చిన్నికృష్ణుడికి ఇచ్చింది.

అలాంటి మనిషి రాజు చూడగానే తల దించుకుంటుందా? దించుకోవచ్చు, మనుషులు అన్ని వేళలా ఒకేలా ఉండరు. కానీ ఎందుకు దించుకుందో మీ నవల చెప్పాలి. ఇప్పుడు ఆమె దించుకుంటున్నది ప్రేమ నవలల్లో అమ్మాయిలు దించుకుంటారు కాబట్టి.

నా అభిప్రాయం ఇది: కవి తన గురించి మౌనంగా ఉన్న చోట మీరు ఏమైనా ఊహించండి. నోరు తెరిచి చెప్పిన చోట మాత్రం ఆ మాటను తోసేయకండి.

గజ్జెలసవ్వడి | ఆదివారం, ఉదయం 9:05

పాతప్రతులు గారు సీను మొదలును దిద్దారు, నేను మధ్యలోది దిద్దుతాను.

1750ల తంజావూరులో "భరతనాట్యం" అనే పేరుతో ఎవరూ ఆడలేదండీ. ఆ పేరు మన నాట్యానికి స్థిరపడింది 1930లలో. అంతకుముందు సదిర్ అనేవారు, చిన్నమేళం అనేవారు, మనవైపు కేళిక అనేవారు. అలరింపుతో మొదలై తిల్లానాతో ముగిసే కచేరీ వరస కూడా ముద్దుపళని తర్వాతి కాలానిదే. దాన్ని తీర్చిదిద్దిన తంజావూరు నలుగురు అన్నదమ్ములు 19వ శతాబ్దం వాళ్లు.

మరి ఆమె దేనికి అభినయం పట్టి ఉంటుంది? క్షేత్రయ్య పదాలు అప్పటికి వందేళ్ల కిందటివి. ఆయన తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో పాడినవాడే. ఆ ఊళ్లో ఆ పదాలు ఇంటింటి సొత్తు అయి ఉంటాయని ఊహిస్తే తప్పేమీ లేదు.

ఇంకొక్క మాట, ఇది నా సొంత అనుభవం. నాకు పదాభినయం నేర్పిన పెద్దావిడ గోదావరి జిల్లా కళావంతుల ఇంట పుట్టినావిడ. ఎనభై దాటాక కూడా కూర్చునే నేర్పేవారు. నేను ప్రతి పదంలోనూ నాయికకు సిగ్గు పెట్టేదాన్ని. ఒకరోజు నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఈమె అతణ్ణి అడుగుతోందే. అడిగే మనిషి నేల చూస్తుందా?" అన్నారు. ఆ తర్వాత ఆవిడ చేసి చూపించారు. కుడి కనుబొమ్మ రవ్వంత లేచింది, పెదవి కదల్లేదు, చూపు మాత్రం ఎదుటివాణ్ణి వదల్లేదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నానన్న సంగతి మరిచిపోయి తప్పు చేసినవాడిలా చూపు తిప్పుకున్నాను.

మీ ముద్దుపళనికి ఆ చూపు ఇవ్వండి.

చదువరి వరంగల్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నాకో సందేహం. ఇంత కచ్చితంగా ఉంటే మనకు కథలు మిగులుతాయా?

పోతన, శ్రీనాథుడు బావాబామ్మర్దులన్న కథ వింటూ పెరిగినవాణ్ణి. మా నాయనమ్మ బమ్మెర వైపు బస్సు పోతుంటే చేతులు జోడించి ఆ కథే చెప్పేది. శ్రీనాథుడి పల్లకీ వస్తే పోతన కొడుకు మల్లన ఎద్దులను తప్పించి నాగలిని ఒట్టిగా నడిపించడం, ఆ ఘట్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మొల్ల రాయల సభకు వెళ్లిందంటారు. క్షేత్రయ్యకు మువ్వ గుడిలో నాట్యమాడే మోహనాంగి మీద ప్రేమ కలిగిందంటారు. వేమనకు వేశ్య మోజు అంటారు. వీటికి రుజువు లేదని నాకూ తెలుసు. కానీ నన్ను భాగవతం దగ్గరికి చేర్చింది ఆ బావాబామ్మర్దుల కథే. పద్యం తర్వాత వచ్చింది.

పాతప్రతులు | ఆదివారం, మధ్యాహ్నం 3:20

చదువరి గారూ, మీ నాయనమ్మ గారి కథను ఎవరూ లాక్కోరు. ఆ కథలు నాకూ ఇష్టమే. పోతన కావ్యంలోనూ, శ్రీనాథుడి కావ్యాల్లోనూ ఆ చుట్టరికం మాట లేదు. మొల్ల తన రామాయణం పీఠికలో తండ్రి ఆతుకూరి కేసన పేరు చెప్పింది, గోపవరం శ్రీకంఠ మల్లేశ్వరుడి దయ అంది, రాయల ఊసు ఎత్తలేదు. కానీ ఈ కథల్లో ఒక తేడా గమనించండి. బావాబామ్మర్దుల కథ కవుల స్వభావానికి ఎదురు వెళ్లదు. రాజులకు కావ్యాలిచ్చిన శ్రీనాథుడు, మనుజేశ్వరాధములకు ఇవ్వనన్న పోతన. వాళ్ల పద్యాల్లో ఉన్న తేడానే జనం ఒక ఇంట్లో పెట్టి చూశారు. అందుకే ఆ కథ నిలబడింది. నాకు అది అబద్ధంలా తోచదు, పద్యానికి జనం చెప్పుకున్న వ్యాఖ్యానంలా తోస్తుంది.

మొల్ల విషయం వేరు. ఎవరి కొలువూ లేకుండా, ఊళ్లో కూర్చుని రామాయణం రాసిన స్త్రీని తీసుకెళ్లి రాజు మెప్పు కోసం నిలబెట్టారు. ఆమె చేసిన పనిలో గొప్పదనమే పోయింది.

ఇక అసలు విషయం. నిజమైన మనుషుల మీద ప్రేమకథ అల్లడం మనకు ఈ మధ్య వచ్చిన అలవాటు కాదు, పొన్నచెట్టు గారూ. మీ తంజావూరులోనే ఉంది. విజయరాఘవ నాయకుడు (1634–1673) తన తండ్రి రఘునాథుడు చిత్రరేఖ అనే వేశ్యను ప్రేమించిన కథను ద్విపదలో రాశాడు. కన్నతండ్రి శృంగారం కొడుకు కావ్యమైంది. అదే విజయరాఘవుణ్ణి కథానాయకుణ్ణి చేసి పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' రాసింది. కాంతిమతి అనే కన్య అతణ్ణి వలచడం అందులో కథ. ఒక్కసారి ఆలోచించండి. రంగాజమ్మ ఆ రాజుకు ప్రియురాలు. రాజు ఎదుటే, రాజును పాత్రను చేసి, అతణ్ణి వేరే అమ్మాయితో ప్రేమలో పడేసి, ఆ విరహం, ఆ అలకలు అన్నీ తనే రాసింది. దానికి సభ హర్షించింది. ఆమెకు రాజు కనకాభిషేకం చేశాడు.

మీ నవలకు ఇంతకన్నా పెద్ద ముత్తవ్వ ఎవరుంటారు? కాకపోతే అక్కడ రాజు ఆమె రాతలో పాత్ర. మీ పదకొండు అధ్యాయాల్లో కవయిత్రి రాజు చూపులో పాత్ర.

లండన్ కబుర్లు | ఆదివారం, రాత్రి 8:10

ఇక్కడి కథ ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుందేమో.

మా ఇంటికి అరగంట దూరంలో హ్యాంప్‌స్టెడ్‌లో ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ ఉన్న ఇల్లు ఉంది, ఇప్పుడు మ్యూజియం. ఇల్లు బయటికి ఒకటే, లోపల రెండు వాటాలు. ఒక వాటాలో కీట్స్ స్నేహితుడితో ఉండేవాడు. 1819లో పక్క వాటాలోకి, అతను ప్రేమించిన ఫ్యానీ బ్రాన్ కుటుంబం అద్దెకు వచ్చింది. మధ్యలో గోడ. కీట్స్‌కు క్షయ ముదిరాక ఆ గోడకు అటూ ఇటూ ఉంటూనే ఉత్తరాలు రాసుకున్నారు. 1821 ఫిబ్రవరిలో, పాతికేళ్ల వయసులో, అతను రోములో పోయాడు. చివర్లో ఆమె నుంచి వచ్చిన ఉత్తరాలు తెరిచి చదివే ధైర్యం లేక, వాటిని విప్పకుండానే తనతో పాటు పూడ్చమన్నాడు.

అతను ఆమెకు రాసినవి దొరికాయి. ఆమె అతనికి రాసినవి దొరకలేదు. 1878లో అతని ఉత్తరాలు అచ్చయ్యేసరికి ఏమైందంటే, ఆ కాలం పెద్దమనుషులు చదివి, ఇంతటి కవిని ఏడిపించిన మనసులేని పిల్ల అని ఆమె మీద ముద్ర వేశారు. చెప్పుకోవడానికి ఆమె లేదు, 1865లోనే పోయింది. 1930లలో ఆమె కీట్స్ చెల్లెలికి రాసిన ఉత్తరాలు బయటికి వచ్చాయి. తెలివి, ఓర్పు, చదువు, లోపల దాచుకున్న దుఃఖం అన్నీ వాటిలో ఉన్నాయి. అప్పుడు గానీ ఆ ముద్ర చెరగలేదు.

అతనిచ్చిన ఉంగరం ఆ ఇంట్లో అద్దం వెనక పెట్టారు. ఎర్రరాయి ఉన్న చిన్న ఉంగరం. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు తోచేది ఒకటే, యాభై ఏళ్లు జనం ఆమెను ఒకవైపు ఉత్తరాలతోనే కొలిచారు. ముద్దుపళని విషయంలో మీకు అదృష్టం తిరగబడి ఉంది. రాజు మాట ఒక్కటీ లేదు, ఆమె మాటలే ఉన్నాయి. ఆ అదృష్టాన్ని వదులుకోకండి.

రేపటికథ | ఆదివారం, రాత్రి 10:50

అందరూ చెప్పింది చదివాను. త్యాగయ్య సంగతి తెలియక సీను బాగుందన్నాను, తప్పు నాదే.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రేమ నవలలో ప్రేమ ఉండాలి. ఆమె రాసుకోవడం, చదువుకోవడం, పండితులను సన్మానించడం ఇవే చూపిస్తూ పోతే గౌరవం కలుగుతుంది, గుండె మాత్రం కొట్టుకోదు. ముద్దుపళని రాసిందేమిటి? శృంగారం. కోరికను అంత వివరంగా, అంత ఇష్టంగా రాసిన మనిషికి మనం గౌరవం పేరుతో మళ్లీ ముసుగు వేస్తే అది కూడా అన్యాయమే కదా! రాజును పూర్తిగా పక్కన పెట్టకండక్కా. ఆమెకు అతని మీద కోరిక ఉండనివ్వండి, కోపం ఉండనివ్వండి, విసుగు కూడా ఉండనివ్వండి.

గజ్జెలసవ్వడి | ఆదివారం, రాత్రి 11:05

రేపటికథ, ఈ మాటకు నీకు దండం తమ్ముడూ. దీన్ని ఎవరూ కాదనకూడదు.

కావేరి తెలుగు | సోమవారం, ఉదయం 7:30

నేను తంజావూరు జిల్లాలోనే పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా తెలుగు మీకు కొంచెం వింతగా అనిపించొచ్చు. ఈ చర్చ చూసి రాత్రి నిద్ర పట్టలేదు, మా ఊరు కాబట్టి.

ముందు భాష. ఆ కొలువులో రాజు ఇంటి భాష మరాఠీ, ఊరి భాష తమిళం, పండితులది సంస్కృతం, పాటకూ పద్యానికీ తెలుగు. ముద్దుపళని ఆండాళ్ తిరుప్పావైని తెలుగులోకి తెచ్చిన మనిషి కూడా. ఆమె చెవిలో రెండు భాషలూ ఒకేసారి మోగుతూ ఉంటాయి. మీ నవలలో అందరూ గుంటూరు తెలుగే మాట్లాడుతున్నారా? ఒక తమిళ మాట దొర్లనివ్వండి, రాజు నోట ఒక మరాఠీ మాట పడనివ్వండి.

తర్వాత యుద్ధం. అది ప్రశాంతంగా సరసాలాడుకున్న కాలం అనుకోకండి. ఆంగ్లేయులు, ఫ్రెంచివాళ్లు, ఆర్కాటు నవాబు అందరి చూపూ ఈ కావేరి పొలాల మీదే. 1758లో ఫ్రెంచి సేనాని లాలీ డబ్బు కోసం తంజావూరును ముట్టడించాడు. కోట చుట్టూ ఫిరంగులు. ఆగస్టులో వెనక్కి తగ్గాడు. కోట లోపల ఉన్న ఒక కవయిత్రి ఆ వారాల్లో ఏం చేసి ఉంటుంది? ఇది మీరు ఊహించుకోదగ్గ చోటు.

ఇక ఆ ఊరు. ఎండాకాలం సాయంత్రం పెద్దగుడి విమానం నీడ రాతి నేల మీద మెల్లగా జరుగుతుంది, నీడ వెళ్లిన దారిలోనే జనం జరిగి కూర్చుంటారు. నీడ దాటితే రాయి కాలు పెట్టనివ్వదు. అర్ధరాత్రి దాటాక కూడా ఆ రాయి వేడిగానే ఉంటుంది. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాటాకు ప్రతులు అద్దాల పెట్టెల్లో చూడొచ్చు. బెత్తెడు కూడా లేని ఆకు వెడల్పులో అక్షరాలు చీమలబారులా ఉంటాయి. తాడు దూర్చే రంధ్రం దగ్గర మాత్రం కొంచెం చోటు వదిలి రాస్తారు. నాకు ఎప్పుడూ ఆ వదిలిన చోటే కనపడుతుంది. అక్కడ ఒక చెయ్యి ఆగింది అనిపిస్తుంది.

పాతప్రతులు | సోమవారం, ఉదయం 10:15

రేపటికథ గారన్న ముసుగు మాట నన్ను రాత్రంతా వెంటాడింది. ఆయన చెప్పింది నిజం, పైగా దానికి చరిత్ర ఉంది.

వీరేశలింగం పంతులు గారు ఆంధ్ర కవుల చరిత్రలో ఈ కావ్యాన్ని, ఈ కవయిత్రిని తీవ్రంగా తిట్టారు. స్త్రీ నోట రాదగని మాటలున్నాయన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఇంతింత కాదు, కానీ ఇక్కడ ఆయన పొరబడ్డారు. అప్పటికి అచ్చులో ఉన్న ప్రతుల్లో కొన్ని పద్యాలు కూడా ఎగిరిపోయాయి. మద్రాసులో, దేవదాసీ ఇంట పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఈ కావ్యం పూర్తి ప్రతి సంపాదించి, చదివి, మళ్లీ చదివి, మొత్తం అచ్చు వేయించాలని పూనుకున్నారు. ఈ కావ్యం రాసింది ఆడది, అందులోనూ మా కులంలో పుట్టినది అని పీఠికలో సగర్వంగా రాసుకున్నారు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగ కవులకు అక్కర్లేదా అని నిలదీశారు. 1910లో వావిళ్లవారు ఆ పుస్తకం వేశారు. మరుసటి ఏడే అశ్లీలమని గొడవ లేచింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు, నిషేధం పడింది. అది తొలగింది 1947లో, ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు. వావిళ్లవారు మళ్లీ అచ్చు వేసింది 1952లో. నాగరత్నమ్మ గారు పోయింది కూడా ఆ ఏడే.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది ఈ నాగరత్నమ్మ గారే, తన సొమ్ము పెట్టి, 1920లలో. ఆవిడ సమాధి కూడా అక్కడే, స్వామికి ఎదురుగా. ముద్దుపళనికీ ఆవిడకీ మధ్య నూట యాభై ఏళ్లున్నాయి. ఒకరినొకరు చూసుకోలేదు. అయినా ఆవిడ ఆ పద్యాల కోసం పడిన పాటు చూస్తే దాన్ని ప్రేమ అనక ఇంకేమనాలో నాకు తెలియదు.

చదువరి వరంగల్ | సోమవారం, ఉదయం 11:00

ఈ సంగతి నాకు ఈరోజే తెలిసింది. నిషేధం అంత కాలం ఉందా! 1911లో చదవాలనుకున్నవాళ్లకు మనవళ్లు పుట్టేదాకా అన్నమాట. పుస్తకం వెతుకుతాను.

నిర్వాహకులు | సోమవారం, మధ్యాహ్నం 1:15

కావ్యంలోని శృంగార పద్యాలు ఇక్కడ పెట్టొచ్చా అని ఇద్దరు సభ్యులు విడిగా అడిగారు. పెట్టొచ్చు. తాత్పర్యం కూడా జోడిస్తే అందరికీ అందుతుంది.

పొన్నచెట్టు | బుధవారం, రాత్రి 11:30

రెండు రోజులు ఎవరికీ జవాబు ఇవ్వలేదు, మన్నించండి. కావ్యం అవతారిక నుంచి మళ్లీ చదివాను. ఆ తర్వాత పన్నెండో అధ్యాయం చెరిపేశాను.

ముట్టడి ఆలోచన తీసుకున్నాను. రాజు కథలోనే ఉన్నాడు, వెళ్లిపోలేదు, రేపటికథ కంగారు పడకు. కానీ ఈ అధ్యాయంలో గుమ్మం లోపలికి రాడు. కొత్త డ్రాఫ్టులో ఒక ముక్క పెడుతున్నాను:

"ఫిరంగులు ఆగి మూడో రాత్రి. వీధిలో జనం నిద్రపోవడం మళ్లీ నేర్చుకుంటున్నారు. ముద్దుపళని ఒళ్లో తాటాకు పెట్టుకుని సాయంత్రం నుంచి గీస్తూనే ఉంది. తంజనాయకి గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. చూపు మందగించాక ఆమె పద్యాన్ని చెవితోనే చూస్తోంది.

'ఏదీ, చదువు.'

ముద్దుపళని ఆకును దీపానికి దగ్గరగా జరుపుకుని చదివింది. ఇళను కృష్ణుడి గదికి పంపి వచ్చిన రాధ తన గదిలో ఒంటరిగా కూర్చునే ఘట్టం. సీసం నాలుగు పాదాలూ అయ్యాయి. గీతం అయింది.

వీధి మొదట్లో పల్లకీ బోయీల హుంకారం వినపడింది. దగ్గరికి వచ్చింది. ఎవరి పల్లకీయో ఇద్దరికీ తెలుసు. ఒకప్పుడు ఆ అరుపు వినగానే అద్దం కోసం వెతుక్కున్న చెయ్యి ఒకటి, ఇప్పుడు వెతుక్కోవాల్సిన చెయ్యి ఒకటి. రెండూ కదల్లేదు.

'సీసంలో కోపం బాగా వచ్చింది,' అంది తంజనాయకి. 'గీతం దగ్గరికి వచ్చేసరికి తగ్గించేశావు.'

'రాధ కదా అవ్వా. ఎంతైనా ప్రేమ.'

'నాకు తగ్గలేదు.'

గుమ్మం ముందు పల్లకీ దిగిన చప్పుడైంది. ముద్దుపళని తల తిప్పి అవ్వ ముఖం చూసింది. అందులో తన మీద నింద ఉందేమోనని వెతికింది. కనపడలేదు.

'తగ్గించకు,' అంది అవ్వ. 'ఆయన్ను కాసేపు ఉండమను. గీతం మార్చి వెళ్లు.'"

ఇదీ. ఇంకా దిద్దాలి. అందరికీ చేతులెత్తి నమస్కారం.

గజ్జెలసవ్వడి | బుధవారం, రాత్రి 11:55

"నాకు తగ్గలేదు" దగ్గర పుస్తకం మూసినట్టు ఫోన్ పక్కన పెట్టేశాను. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ తీశాను.

రేపటికథ | గురువారం, ఉదయం 8:00

రాజు బయట నిలబడ్డాడు చూడండి, అక్కడ నా గుండె కొట్టుకుంది. నేనైతే రాజును లోపలికి తెచ్చి పాడు చేసేవాణ్ణి. ఆ తర్వాత ఆమె వెళ్తుంది కదా? కోరికతోనే వెళ్తుంది కదా? అది మాత్రం తీసేయకండి.

కావేరి తెలుగు | గురువారం, ఉదయం 9:20

చాలా బాగుంది అక్కా. ఒక చిన్న అడ్డంకి ఉంది. గంటంతో కొత్తగా గీసిన ఆకు మీద అక్షరం సరిగ్గా కనపడదు. గీత పడుతుంది, రంగు ఉండదు. మసి పూసి తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అప్పుడు అక్షరం తేలుతుంది. సాయంత్రం నుంచి గీస్తున్న ఆకును దీపం వెలుగులో గడగడా చదవడం కష్టం. ముందే మసి పూయించండి, లేకపోతే చదవడం మాన్పించండి.

పొన్నచెట్టు | గురువారం, ఉదయం 9:45

మాన్పిస్తున్నాను తమ్ముడూ. ఆకు వైపు చూడకుండా నోటికే చెబుతుంది, తను రాసిందే కదా. మసి తర్వాత. గీతం మార్చాక అవ్వ వేలితో పూస్తుంది.